తరాజు రెండో పళ్ళెంలో ఎవరు?

ఇల్లు వెతుక్కోవడం మాకొక పరీక్ష. టు లెట్ బోర్డు చూసి గేటు తడతాం. ఇల్లు చూపిస్తారు. నీళ్ళు ఏ వేళకొస్తాయో చెబుతారు. అద్దె, అడ్వాన్సు కుదురుతాయి. ఆఖర్న పేరడుగుతారు. పేరు చెప్పగానే ఇంటాయన మొహంలో ఏదో తేడా. 'మాకేం పట్టింపు లేదండీ. మీరు చదువుకున్నవాళ్ళు. కాకపోతే ఇక్కడ పన్నెండు ఇళ్ళున్నాయి. వాళ్ళందరూ ఇబ్బంది పడతారు' అంటాడు. ఇది మాలో ఎవరికి జరిగిందని అడగకండి. జరగనివాళ్ళు మాలో తక్కువ.

ఆ మాటలో ద్వేషం ఉందా? కొన్నిచోట్ల ఉంది. దాని గురించి మేము చాలా రాశాం, చాలా ఏడ్చాం. ఇప్పుడు వేరే సంగతి మాట్లాడదలిచాం. ఆ ఇంటాయన మాటలో ఒక లెక్క ఉంది. ఒక పళ్ళెంలో మమ్మల్ని పెట్టాడు. రెండో పళ్ళెంలో పన్నెండు ఇళ్ళవాళ్ళ ఇబ్బందిని పోగేసి పెట్టాడు. మాంసం వాసన వస్తుందని ఒకరి ఇబ్బంది. పండగనాడు చుట్టాలు గుంపుగా వస్తారని మరొకరి ఇబ్బంది. ఎందుకొచ్చిన గొడవ అని ఇంకొకరి ఇబ్బంది. విడివిడిగా చూస్తే అన్నీ చిన్నవే. కలిపేసరికి బరువయ్యాయి. మా పళ్ళెం పైకి లేచిపోయింది. ఆయన తానేదో అన్యాయం చేశాననుకోడు. పదిమంది మాట ప్రకారం నడుచుకున్నాననుకుంటాడు.

ఆ లెక్క ఎక్కడ తప్పింది? మాకు బాధ కలిగింది కాబట్టి తప్పు అంటే చాలదు. బాధ అందరికీ కలుగుతుంది. తూకంలోనే మోసం ఉందని చూపించగలగాలి. మాలో పళ్ళమ్ముకునేవాళ్ళున్నారు, మాంసం కొట్టు నడిపేవాళ్ళున్నారు. తరాజు మాకు కొత్త కాదు. తూకంలో మోసం చెయ్యొద్దని ఖురాన్‌లో అర్ రహ్మాన్ సూరా హెచ్చరిస్తుందని మా నానీమా చిన్నప్పుడే చెప్పింది. ఆమె చెప్పింది బియ్యం తూకం గురించే అనుకున్నాం అప్పట్లో.

ఇంటాయన లెక్క వెనక పెద్ద శాస్త్రమే ఉంది. ఇంగ్లండులో జెరెమీ బెంథామ్, ఆ తర్వాత జాన్ స్టూవర్ట్ మిల్ దాన్ని నిలబెట్టారు. ఉపయోగితావాదం అంటారు. ఏ పని వల్ల మొత్తమ్మీద సుఖం పెరిగి దుఃఖం తగ్గుతుందో అదే మంచి పని అంటుంది అది. అందులో గొప్పతనం లేకపోలేదు. రాజు సుఖాన్నీ కూలివాడి సుఖాన్నీ ఒకే రాయితో తూచమంది. ఆ వాదం నమ్మినవాడు మా తరఫున కూడా మాట్లాడవచ్చు. ఒక కుటుంబానికి గూడు దొరక్కపోవడం పన్నెండు చిరాకుల కంటే పెద్ద కష్టమే అనవచ్చు. సరే. పన్నెండు కాక నూట ఇరవై ఇళ్ళయితే? వెయ్యి ఇళ్ళ కాలనీ అయితే? కూడుతూ పోతే ఎక్కడో ఒకచోట మేము ఓడిపోతాం. మైనారిటీ అన్న మాటకు ఇదొక అర్థం. కూడికలో ఓడిపోవడానికే పుట్టినవాళ్ళు.

కూడిక కాని దారి ఒకటుంది. దాని పేరు ఒడంబడిక. నీతికి మూలం దేవుడా, మనిషా అన్న చర్చ ఇక్కడ తేలేది కాదు. నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఒకే వీధిలో బతకాల్సి వచ్చినప్పుడు ఆ బతుకు షరతులు ఎవరు రాయాలి? అందరూ ఒప్పుకోగలిగేలా అందరూ కలిసి రాయాలి అంటారు ఒడంబడికవాదులు. 1651లో థామస్ హాబ్స్, 1689లో జాన్ లాక్, 1762లో రూసో ఎవరి పద్ధతిలో వాళ్ళు ఈ మాటే చెప్పారు. హాబ్స్‌కు అంతర్యుద్ధం భయం. లాక్‌కు హక్కుల పట్టుదల. రూసోకు సమానత్వం మీద తపన.

అయితే ఆ ఒప్పందం దస్తావేజు మొదటి పేజీల్లోనే మా మీద అనుమానం కనిపిస్తుంది. మత సహనం గురించి లాక్ రాసిన ప్రసిద్ధమైన లేఖ ఉంది. మతం కారణంగా ముస్లింకు గానీ యూదుకు గానీ పౌరహక్కులు కాదనకూడదని అందులోనే ఉంది. కాన్‌స్టాంటినోపుల్ ముఫ్తీకి కళ్ళుమూసుకుని విధేయుడైన ముస్లిం తన రాజుకు ఎలా నమ్మకంగా ఉంటాడన్న ప్రశ్నా అందులోనే ఉంది. హక్కు ఇచ్చిన చేతే సంజాయిషీ అడిగింది. క్రికెట్ మ్యాచ్ రోజున మా మొహాల్లోకి చూసేవాళ్ళ ప్రశ్న మూడు వందల ఏళ్ళ నాటిదన్న మాట.

లాక్ మరో మాట అన్నాడు. ఒక దేశంలో ఉంటున్నావంటే, దాని రోడ్ల మీద నడుస్తున్నావంటే, నువ్వు నోరు విప్పకపోయినా ఆ ఏర్పాటుకు ఒప్పుకున్నట్టే. 1748లో డేవిడ్ హ్యూమ్ దీన్ని ఎండగట్టాడు. పరభాష తెలియని, ఏ రోజు కూలితో ఆ రోజు గడుపుకునే పేదవాడికి దేశం విడిచిపోయే స్వేచ్ఛ ఉందంటారా అని అడిగాడు. నిద్రలో ఉన్నవాణ్ణి ఓడలోకి మోసుకొచ్చి, నడి సముద్రంలో, ఇష్టం లేకపోతే దూకెయ్ అంటే అది ఒప్పందమా అన్నాడు. 'పాకిస్తాన్ వెళ్ళిపోండి' అనే మాట విన్నప్పుడల్లా ఆ ఓడ గుర్తొస్తుంది. మేము ఈ ఓడలో పుట్టాం. ఇది మాదే. దూకకపోవడం మా అంగీకారం కాదు. ఓడ నడిచే తీరు బాగాలేదనడం ద్రోహమూ కాదు.

మా పెద్దలు నిజంగానే ఒక ఒప్పందంలో పాలు పంచుకున్నారు. 1949 మే నెలలో రాజ్యాంగ సభలో, చట్టసభల్లో మైనారిటీలకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించే పద్ధతిని వదులుకున్నారు. కొందరు ముస్లిం సభ్యులు వద్దన్నారు. బేగం ఐజాజ్ రసూల్ వంటివారు వదులుకుందామన్నారు. ఎక్కువమంది మనసును నమ్మి చేసిన పని అది. చేతిలో ఉన్న రక్షణను వదిలి ఎదుటివాడి మాట మీద నిలబడడమే ఒప్పందమైతే, దాన్ని మేము చేశాం. ఎదుటి పక్షం బాకీ ఏమిటన్నది మా ప్రశ్న.

ఆ బాకీని కొలిచే పద్ధతి ఇటీవలి ఒడంబడికవాదుల దగ్గర దొరుకుతుంది. అమెరికాలో జాన్ రాల్స్ 1971లో 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్' రాశాడు. నువ్వు ఏ ఇంట్లో, ఏ రంగుతో, ఏ మతంలో పుడతావో తెలియకుండా ఒక తెర వెనక కూర్చుని దేశానికి నియమాలు రాయమన్నాడు. రేపు తాను సాయిబుగా పుట్టవచ్చని తెలిస్తే ఆ ఇంటాయన ఏ నియమం రాస్తాడు? ఉపయోగితావాదం మీద రాల్స్ ఫిర్యాదు కూడా మాకు పనికొస్తుంది. ఒక మనిషి తన రేపటి సుఖం కోసం ఈ రోజు కష్టపడవచ్చు. రెండూ అతనివే. ఒకరి సుఖం కోసం ఇంకొకరిని కష్టపెట్టి మొత్తం లాభమే అంటే ఎట్లా? మనుషులు వేర్వేరు. మొత్తం అనే పేరుతో కష్టసుఖాలు అనుభవించే మనిషి ఎక్కడా లేడు.

థామస్ స్కాన్లన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. 1998లో వచ్చిన 'వాట్ వి ఓ టు ఈచ్ అదర్' అనే పుస్తకంలో అతను చెప్పింది ఇది: ఏ నియమాన్నయితే ఎవరూ న్యాయంగా కాదనలేరో దాన్నే మనం పాటించాలి. అందులోనే ఒక ఉదాహరణ ఇచ్చాడు. టీవీ స్టేషన్లో ప్రమాదం జరిగి, ఒక పనివాడి మీద కరెంటు యంత్రం పడింది. చెయ్యి నలిగింది. షాకులు కొడుతున్నాయి. అతన్ని బయటికి తియ్యాలంటే ప్రసారం పదిహేను నిమిషాలు ఆపాలి. బయట ప్రపంచకప్ ఆట, లెక్కలేనంతమంది చూస్తున్నారు, ఇంకా గంట పడుతుంది. ఆట అయ్యేదాకా ఆగుదామా? కూడిక మనిషి, చూసేవాళ్ళు ఎంతమందో చెప్పండి అంటాడు. స్కాన్లన్ ఆ ప్రశ్నే వద్దంటాడు. చూసేవాళ్ళను ఒక్కొక్కరిగా రమ్మనండి. ఆ పనివాడి ముందు నిలబడి, నా పదిహేను నిమిషాల ఆట పోతుంది కాబట్టి నువ్వు గంటసేపు షాకులు తిను అని ఏ ఒక్కరు చెప్పగలరు? ఒక్కరూ చెప్పలేరు. ఒక్కరు కూడా చెప్పలేని మాటను కోటిమంది కలిస్తే చెప్పవచ్చా?

తూకంలో మోసం ఇక్కడ దొరికింది. ఒక పళ్ళెంలో మనిషినీ రెండో పళ్ళెంలో గుంపునూ పెట్టడమే ఆ మోసం. మా ఇంటాయన చెప్పిన పన్నెండుమందిలో ఒక్కరైనా మా ఎదుట నిలబడి, మా పిల్లల మొహాలు చూసి, నాకు వాసన పడదు కాబట్టి మీకు ఇల్లు వద్దు అంటారా? అనగలిగితే రానివ్వండి, మాట్లాడుకుందాం. కిటికీ సంగతీ చిమ్నీ సంగతీ చూసుకుందాం. రారు. 'వాళ్ళందరూ' అనే మాట వెనక ఏ ఒక్కరి మొహమూ కనపడదు.

ఇది చిన్న విషయం. పెద్ద విషయంలో ఈ తరాజు నిలుస్తుందా చూడాలి. 2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు పోయారు. నమాజుకు వెళ్ళినవాళ్ళు చచ్చిపోతే, అనుమానం మళ్ళీ నమాజు చదివేవాళ్ళ మీదకే వచ్చింది. పాతబస్తీ కుర్రాళ్ళను పట్టుకెళ్ళారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది, వాళ్ళను హింసించిన ఆనవాళ్ళున్నాయని నివేదిక ఇచ్చాడు. కోర్టులు వాళ్ళ మీది కేసులు కొట్టేశాయి. తర్వాత దర్యాప్తు హిందూత్వ బృందం వైపు తిరిగింది. విచారణకు నిలిచిన అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులంది. నష్టపోయిన కుర్రాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

'దేశ భద్రత కోసం కొందరికి కొంత ఇబ్బంది తప్పదు' అన్నారు అప్పుడు చాలామంది మంచివాళ్ళు. నిజాయితీగా ఆలోచిద్దాం. ఇక్కడ రెండో పళ్ళెంలో ఉన్నది ఆట చూసే సరదా కాదు, ప్రాణం. బాంబు దెబ్బకు కొడుకును పోగొట్టుకున్న తల్లి వచ్చి, నేరస్థుణ్ణి పట్టుకోండి, ఎవరినైనా విచారించండి అనగలదు. ఆమె మాటకు బరువుంది. విచారణ అనే భారం మేము కూడా మొయ్యాలి, అందరితో పాటు. కానీ అక్కడ అమలైన నియమం అది కాదు. ఫలానా పేరున్న కుర్రాణ్ణి, ఫలానా బస్తీలో ఉన్నందుకు, సాక్ష్యం లేకున్నా హింసించవచ్చు అన్నది ఆ నియమం. ఆ తల్లి ఇది అడగలేదు. ఆమె కూడా పాతబస్తీ తల్లే కావచ్చు, ఆమె రెండో కొడుకు కూడా లాకప్‌లో ఉండవచ్చు. 'కొందరికి కొంత ఇబ్బంది' అన్నవాళ్ళలో ఆ కొందరిలో తాము ఉంటామని అనుకున్నవాళ్ళు లేరు. భారం ఎప్పుడూ ఒకే ఇంటి మీద పడుతుందని ముందే తెలిసినప్పుడు దాన్ని పంచుకోవడం అంటారా?

ఇంతవరకు చదివి మావాళ్ళు తలాడిస్తారు. ఇప్పుడు మా ఇంట్లో తరాజు సంగతి.

షాబానో ఇండోర్‌లో ఒక వకీలు భార్య. 1932లో పెళ్ళయింది. 43 ఏళ్ళ కాపురం తర్వాత, 1975లో ఆమెను ఇంట్లోంచి పంపేశాడు. 1978లో ఆమె మనోవర్తి కోసం కోర్టుకెళ్ళింది. అదే ఏడాది తలాఖ్ చెప్పాడు. కింది కోర్టు నెలకు 25 రూపాయలంది. హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ మీదట దేశమంతా ఊరేగింపులు. షరియత్ ప్రమాదంలో పడిందన్నారు. కౌమ్ ఉనికి ప్రమాదంలో పడిందన్నారు. 1986లో కొత్త చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో బాబ్రీ మసీదు తాళాలూ తెరిచారు. ఒక గుంపుకు ఒకటి, ఇంకో గుంపుకు ఇంకొకటి.

ఆ ఊరేగింపుల్లో మా అబ్బాలు, చాచాలు ఉన్నారు. వాళ్ళను ఒక్కొక్కరిగా షాబానో ముందుకు రమ్మని అడుగుదాం. అమ్మా, నీకు నెలకు 179 రూపాయలొస్తే నాకు ఫలానా నష్టం అని ఏ చాచా చెప్పగలడు? అతని నమాజు ఆగుతుందా? రోజా చెడుతుందా? అతని కూతురి బతుకేమైనా పాడవుతుందా? ఏ ఒక్కరికీ ఆమె కష్టానికి సరితూగే కష్టం లేదు. లక్షలమంది నొచ్చుకోవడాన్ని పోగేసి, దానికి కౌమ్ అని పేరు పెట్టి, ఒక ముసలామె ఎదుటి పళ్ళెంలో పెట్టాం. పన్నెండు ఇళ్ళ ఇంటాయన చేసిన పని ఇదే కదా. ఇల్లు దొరకలేదని ఏడ్చిన మేమే ఇంకొకరికి నీడ లేకుండా చేశాం.

అవును, షాబానోను అడ్డం పెట్టుకుని మమ్మల్ని కొట్టినవాళ్ళున్నారు. ఆమె ఆకలి వాళ్ళకూ పట్టలేదు. మా స్త్రీల మీద ప్రేమ ఒలకబోసినవాళ్ళు మా ఇళ్ళు తగలబడ్డప్పుడు కనపడలేదు. ఇదంతా నిజమే. కానీ ఎదుటివాడి ప్రేమ దొంగదైనంత మాత్రాన ఆమె ఆకలి దొంగది కాదు. ఆమె ఫిర్యాదు మొదట మాకు రాసింది. వినకుండా తిప్పి పంపింది మేము. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు 1986 చట్టానికి ఆమెలాంటివాళ్ళకు మేలు జరిగే అర్థం చెప్పింది. 2024 జూలైలో, తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ అందరు స్త్రీల లాగే మామూలు చట్టం కింద మనోవర్తి అడగవచ్చని మళ్ళీ చెప్పింది. అంటే షాబానో అడిగిన మాటే దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఇంకొక స్త్రీ మళ్ళీ అడగాల్సి వచ్చింది. ఈ నలభై ఏళ్ళలో మేము మా అంతట మేము ఏం చేశాం?

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు. అంకెలకు అసలు విలువే లేదా? వరదలో పడవ ఒకటే ఉంది. ఒక మిద్దె మీద ఒకరు, ఇంకో మిద్దె మీద అయిదుగురు. ఎటు వెళ్ళాలి? జాన్ టారెక్ అనే తాత్వికుడు 1977లో, అంకెలను లెక్కలోకి తీసుకోనక్కర్లేదని వాదించి గొడవ రేపాడు. స్కాన్లన్ అంత దూరం పోలేదు. రెండు వైపులా భారం ఒకే రకంగా ఉన్నప్పుడు, ఒక ప్రాణానికి ఒక ప్రాణం సరిపోయాక, మిగిలినవాళ్ళ మాట కూడా వినాల్సిందే అన్నాడు. మాకూ ఇదే న్యాయంగా తోస్తుంది. పడవ అయిదుగురి వైపు వెళ్ళనివ్వండి. ఆ ఒక్కరం మేమైనా సరే. కానీ ఆ అయిదుగురూ ప్రాణం కోసం చెయ్యి చాపుతూ ఉండాలి, గొడుగు కోసం కాదు. ప్రాణానికి ఎదురుగా ఎన్ని గొడుగులు పేర్చినా ప్రాణం కాదు.

ఇంకొక అభ్యంతరం మాదే. 'న్యాయంగా కాదనలేని' అంటున్నారు, ఏది న్యాయమో చెప్పేదెవరు? చార్ల్స్ మిల్స్ అనే నల్లజాతి తాత్వికుడు 1997లో 'ది రేషియల్ కాంట్రాక్ట్' అనే పుస్తకం రాశాడు. ఒడంబడిక అందరి మధ్యా జరిగిందన్నది పైకి చెప్పే మాట, నిజానికి అది తెల్లవాళ్ళు తమలో తాము చేసుకున్నది అన్నాడు. పిలుపే అందనివాడు ఏ నియమాన్ని కాదంటాడు? ఖాళీ తరాజు ఒకవైపు ఒరిగి ఉంటే, తూచేముందు తేలికవైపు చిన్న రాయి కట్టి సరిచేస్తారు. పాసంగం అంటారు. అది సరుకులో భాగం కాదు, ఎవరికీ దానం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలోని 14 వెనకబడిన తరగతులకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తే బుజ్జగింపు అన్నారు. మాకది పాసంగం.

మా చాపమీద కూడా అందరికీ చోటుందా? దూదేకులవాళ్ళ గురించి మాలో పెద్దింటివాళ్ళు వేసే ఎకసెక్కాలు మాకు తెలుసు. మసీదు కమిటీల్లో స్త్రీలెందరో మాకు తెలుసు. 'మేము' అని ఇంతసేపూ రాస్తున్నాం. ఈ 'మేము'లో ఎవరి ఒప్పుకోలు తీసుకున్నాం?

తెలుగులో మేము అనే మాటకూ మనం అనే మాటకూ తేడా ఉంది. ఎదుటివాణ్ణి పక్కన పెడితే మేము, కలుపుకుంటే మనం. మా ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో రెండింటికీ హమ్ ఒక్కటే. తెలుగు మాకిచ్చిన మంచి మాటల్లో ఈ మనం ఒకటి. అయితే మనమంతా ఒకటే అంటూ మా నోరు నొక్కిన సందర్భాలూ ఉన్నాయి. మా ఫిర్యాదు విన్నాక వచ్చే మనం కావాలి మాకు. వినకుండా ముందే వచ్చే మనం వద్దు.

మళ్ళీ ఇల్లు వెతుక్కుంటాం. మళ్ళీ ఎవరో 'వాళ్ళందరూ' అంటారు. వాళ్ళలో ఒక్కరిని పిలవండి, మాట్లాడతాం అని ఈసారి అడుగుతాం. అలాగే మా జమాత్‌లో ఎవరైనా కౌమ్ పరువు అంటూ లేచినప్పుడు, ముందు ఆ ఆడమనిషిని రానివ్వండి, ఆమె చెప్పేది విని ఆ తర్వాత మాట్లాడండి అని అడ్డం పడతాం. రెండో పని చెయ్యకుండా మొదటి పని చేసే హక్కు మాకు లేదు.